మత్తడి మీద మూరెడు మట్టి

మా వైపు ఊళ్లలో "మత్తడి దుంకింది" అంటే శుభవార్త. చెరువు నిండి, మిగిలిన నీళ్లు కట్ట చివర రాళ్లతో కట్టిన మత్తడి మీదుగా వాగులోకి దూకితే ఆ ఏడు రెండు పంటలు ఖాయం. ఆ మాట చెవిన పడగానే ఎక్కడి పనులక్కడ వదిలేసి చూడటానికి పోతారు. ఆడవాళ్లు పసుపు కుంకుమలు పట్టుకొని పోతారు. నిరుడు శ్రావణంలో నేనూ అట్లాగే పోయాను. ఎనిమిది నెలల పాపను ఊయలలో పడుకోబెట్టి పోయాను.

నేను జనగామలో పెరిగినదాన్ని. చెరువుల సంగతి నాకు తెలియదు. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వల్ల బడులు నెలల తరబడి మూతపడితే, చదువు మరిచిపోతానని బాపు నన్ను ఇంట్లో కూర్చోబెట్టి రోజూ లెక్కలు చేయించాడు. గచ్చు తొట్టిలో ఎన్ని బిందెల నీళ్లు పడతాయి, ఎన్ని రోజులు వస్తాయి, అట్లాంటివి. తర్వాత డిగ్రీలో కూడా లెక్కలే తీసుకున్నాను. పెళ్లయి పెద్దవంగర దగ్గరి ఊరికి వచ్చాను. ఆయనకు మహబూబాబాద్‌లో గుమాస్తా పని. శనివారం వచ్చి సోమవారం పోయేవారు. మిగతా రోజులు ఇంట్లో అత్త, మామ, ఆడబిడ్డ, నేను, పాప.

నేను కాపురానికి వచ్చాక మూడేళ్లు చెరువు నిండలేదు. సాయంత్రం వార్తల్లో ఎక్కడో బ్రహ్మపుత్ర పొంగిందనో, ఏదో దేశంలో ఊళ్లకు ఊళ్లు మునిగాయనో చెబితే మామ రేడియో వైపు చెయ్యి ఊపేవాడు.

"గా వానల జర ఇటు పంపియ్యరాదుండ్రి! మీకు ఎక్కువైనయంటిరి గదా!"

అందరం నవ్వేవాళ్లం. నేనూ నవ్వాను. ఆ మునిగిన ఊళ్లలో చంటిపిల్లల తల్లులు ఉంటారన్న ఆలోచన నాకు ఒక్కసారి కూడా రాలేదు.

నిరుడు వానలు పట్టాయి. నీళ్లు పెరిగి మత్తడి అంచుకు జానెడు కింద ఆగాయి. ఇంకొక్క వాన పడితే నిండుతుంది, ఆపైన పడేదంతా వాగు పాలవుతుంది. మూడేళ్లు ఎండిన రైతులకు అది సహించలేదు. మత్తడి మీద మూరెడు ఎత్తు మట్టి వేసి ఆ నీళ్లను కూడా ఆపుకుందామన్నారు. చెరువు తూము చూసుకునే నీరటి ఒక్కడే అడ్డం చెప్పాడు.

"పటేలా, మత్తడంటే చెరువుకు గొంతు. గొంతు బిగవడితె ఎట్ల బతుకుతది?"

"ఎండినప్పుడు ఏడ వోయిందో నీ గొంతు!" అని ఎవరో ఎగతాళి చేశారట.

ఆ రోజు మామ ఇంటికి వచ్చి నన్ను పిలిచాడు. "బిడ్డా, నువ్వు సదువుకున్నవ్ గద. మూరెడు నీళ్లంటె ఎంతైతది? పొలానికి లెక్క జెప్పు."

చెరువు పొడవు, వెడల్పు అంగల్లో చెప్పాడు. నేను క్యాలెండర్ కాగితం వెనక లెక్క వేశాను. కింది పొలాలన్నిటికీ ఇంకా రెండు తడులు పారతాయని తేలింది. మామ ఆ కాగితం చేత పట్టుకొని చావడి దగ్గరికి పోయాడు. "మా కోడలు లెక్కగట్టింది. రెండు తడులు!" అన్నాడట. దాంతో నీరటి మాట ఎవరూ వినలేదు. మరునాడు నేను కూడా రెండు తట్టల మట్టి మోశాను. ఆడబిడ్డ పక్కన నడుస్తూ, "వదినె, గిది గూడ కాలేజిల నేర్పిండ్రా?" అంటే సిగ్గుతోపాటు గర్వంగా కూడా అనిపించింది. మట్టి కొట్టుకుపోకుండా మధ్యలో రాళ్లు, తుమ్మకొమ్మలు వేసి గట్టిగా తొక్కాం.

మూడో రోజు సాయంత్రం వాన మొదలైంది. అట్లాంటి వాన నేను అంతకుముందు ఎరగను. పెంకుల మీద చినుకులు పడుతున్న చప్పుడు కాదది, బండరాళ్లు దొర్లుతున్నట్టు ఒకటే మోత. ఇంట్లో పక్కపక్కన కూర్చొని కూడా అరిచి మాట్లాడుకున్నాం. వాకిట్లో పెట్టిన గంగాళం నిండి పొర్లింది. గుమ్మరించి పెడితే మళ్లీ నిండింది. తెల్లవారాక కొంచెం తగ్గింది. అప్పుడు వీధిలో ఎవరో "మత్తడి దుంకుతున్నది!" అని కేకేశారు.

పాపకు పాలిచ్చి ఊయలలో వేశాను. దూలానికి కట్టిన పాత చీర ఊయల. నేను తటపటాయిస్తుంటే అత్త కసిరింది.

"పోవే పిల్లా! మూడేండ్ల సంది సూస్తనంటివి. నీ బిడ్డను నేనేం అమ్ముకోను."

ఆడబిడ్డ, నేను కట్ట మీదుగా మత్తడి దాకా పోయాం. మామ అప్పటికే అక్కడున్నాడు. నాకు మొదట తోచింది ఒక్కటే. చప్పుడు లేదు. మత్తడి దుంకితే ఊళ్లోకి వినపడుతుందని అందరూ చెప్పేవారు. ఇక్కడ నీళ్లు మా మట్టి మీద పలచగా జారుతున్నాయి, అంతే. మిగిలిన చెరువంతా కట్ట అంచుకు సమానంగా నిలబడి ఉంది. వంగి ముంచుకుంటే చేతికి అందేటట్టు ఉన్నాయి నీళ్లు.

నీరటి గడ్డపారతో మత్తడి మీది మట్టిని పొడుస్తున్నాడు. "తియ్యుండ్రి! నిలవడి సూస్తరేంది, తియ్యుండ్రి!" అని అరుస్తున్నాడు. మామ, ఇంకో నలుగురు పారలతో దిగారు. తుమ్మకొమ్మలు పట్టి లాగితే రాలేదు. మేము అంత గట్టిగా తొక్కాం.

అప్పుడు చూశాను. మేము నడిచి వచ్చిన దారిలో, తూము దగ్గర, కట్ట మీద ఒక తాటిచెట్టు ఉంది. ఆ చెట్టు పక్కకు ఒరగలేదు. నిలబడ్డది నిలబడ్డట్టే కిందికి దిగిపోయింది. తర్వాత వచ్చింది చప్పుడు. చెరువు తెగింది.

నీళ్లు ఊరి కింది వాడ వైపు పోయాయి. మా ఇల్లు కింది వాడలోనే.

నేను పరుగెత్తాను. గండి అంచు దాకా పోయానట. ఆడబిడ్డ నా నడుము పట్టుకొని బురదలో కూలబడింది. అవతలి ఒడ్డుకు రెండు ఎడ్లబండ్ల దూరం కూడా లేదు. మధ్యలో నీళ్లు ఎర్రగా, దూలాలను, గడ్డివాములను మోసుకుంటూ పోతున్నాయి. అరిస్తే నా గొంతు నాకే వినపడలేదు.

"ఒట్టి నీళ్లే లెక్కేసిన," అన్నాను ఆడబిడ్డతో. "బరువు లెక్కెయ్యలే. కట్ట మీద బరువు లెక్కెయ్యలే."

"గిప్పుడు లెక్కలేంది వదినె! మా అమ్మ గూడ ఆడనే ఉన్నది!"

అప్పటిదాకా నాకు అత్త గుర్తుకు రాలేదు. పాప ఒక్కతే ఉన్నట్టు అరుస్తున్నాను.

మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చున్నాం. పాలిచ్చే వేళ అయింది. వానలో తడిసి గడ్డకట్టుకుపోతున్న ఒంటి మీద రవిక మాత్రం వెచ్చగా తడిసింది. నా ఒంటికి ఏమీ తెలియదు, వేళ ఒక్కటే తెలుసు. మామ నా వైపు చూడకుండా, నీళ్లకు వీపు పెట్టి కూర్చున్నాడు.

చెరువు సగానికి పైగా ఖాళీ అయ్యాక గండిలో నీళ్లు నడుము లోతుకు దిగాయి. అవతలి వాళ్లు మోట తాడు విసిరారు. మామ ముందు దాటాడు, ఆయన వెనక నేను. కింది వాడలో గోడలు ఉండాల్సిన చోట్ల కూడా ఇప్పుడు దారి ఉంది. మా ఇంటి వెనక గోడ లేదు. కొట్టంలో కట్టేసిన ఎడ్లు పలుపులతోనే చచ్చి పడి ఉన్నాయి. నేను వాటిని దాటి లోపలికి పోయాను.

అత్త రోలు మీద నిలబడి ఉంది. ఇంట్లో ఇంకా నా మోకాళ్ల దాకా నీళ్లు. గోడ మీద తడి గీత ఆమె గుండెల ఎత్తున ఉంది. ఊయల ఉండాల్సిన చోట లేదు. దూలానికి ఆనుకొని, పెంకుల కింద ఒక మూటలాగ ఉంది. నీళ్లు పెరిగిన కొద్దీ ఆమె ఊయల చీరను పైకి లాగి ముడి వేసింది. ఇంకా పెరిగితే ఇంకో ముడి. ఆ మూటను రెండు చేతులతో కింది నుంచి ఎత్తి పట్టుకొని ఉంది.

"అత్తా," అన్నాను.

"లేపకు," అంది. "ఇప్పుడే పండుకున్నది."

తడిసిన ముళ్లు విప్పరాలేదు. మామ కొడవలితో చీర కోశాడు. పాప నా చేతుల్లోకి జారి, కళ్లు తెరిచి, నన్ను చూసి ముఖం తిప్పుకుంది. నేను దాని కాళ్లు, చేతులు, మెడ, చెవులు అన్నీ తడిమి చూశాను. మళ్లీ చూశాను. అత్త చేతులు మాత్రం అట్లాగే పైకి ఉన్నాయి. దించమంటే దించలేకపోయింది. మామ ఒక్కొక్క చెయ్యి పట్టుకొని మెల్లగా కిందికి తెచ్చాడు.

ఆ సాయంత్రం ఊరి బడిలో అందరికీ అన్నం వండారు. అత్త వేళ్లు ముద్ద పట్టలేకపోయాయి. నేను పాపను ఒళ్లో వేసుకొని ఆమెకు కలిపి పెట్టాను. నాలుగు ముద్దలు తిన్నాక నా చెవి దగ్గరికి వంగింది.

"పిల్ల ఏడ్వలేదే," అంది. "నేనే ఏడ్సిన. ఎవలకు జెప్పకు."

చెప్పనన్నాను. ఇంకో ముద్ద కలిపాను.