గ్లాసులో ముంచిన మీటరు

నా జీవితంలో అతి ముఖ్యమైన రోజున నేను ఎలా బొక్కబోర్లా పడ్డానో ఇప్పుడు చెబుతాను. మాటవరసకి అంటున్నాననుకునేరు! నిజంగానే పడ్డాను. అదీ పెళ్ళిచూపుల్లో, మైసూరుపాకుల పళ్ళెం మీద. పళ్ళేనికి ఏమీ కాలేదు. నా పరువు సంగతి మీరే తేల్చండి.

అప్పుడు నాకు ఇరవై ఏడేళ్ళు. విడవలూరు దగ్గర రొయ్యల గుంటల మీద టెక్నీషియన్ని. రోజూ తెల్లారగానే గుంటల్లో నీళ్ళెలా ఉన్నాయో చూడటం నా పని. నీళ్ళు కాస్త తేడా చేస్తే రొయ్యలు తిండి మానేస్తాయి, నేను నిద్ర మానేస్తాను. ఈ నీళ్ళ పిచ్చి ముదిరి, తాగే నీళ్ళలో ఉప్పెంతుందో చూపించే చిన్న మీటరు ఒకటి సొంతానికి కొనుక్కున్నాను. అందరి జేబులో పెన్ను ఉంటే నా జేబులో అది ఉండేది. ఎవరింటికి వెళ్ళినా గ్లాసు చేతికి రాగానే మీటరు ముంచేవాణ్ణి. అంకె ఐదు వందలు దాటిందా, గ్లాసు వెనక్కి! పైగా ఉపన్యాసం ఒకటి ఉచితం. మా ఊళ్ళో నన్ను చూడగానే చెంబులు లోపల దాచేసేవాళ్ళంటే నమ్మండి.

అలాంటి నాకు కామాక్షి నచ్చింది. ఎండాకాలంలో ఆమె మా గుంటల దగ్గరికి వచ్చి, కూలీలకు ఓఆర్ఎస్ పొట్లాలు పంచింది. మైపాడు వైపు ఆస్పత్రిలో నర్సు. "దాహం అయ్యేదాకా ఆగబాకండి, ముందే తాగతా ఉండండి" అని ఆమె చెబుతుంటే నాకు పట్టలేనంత సంతోషం వేసింది. నీళ్ళ గురించి నాలాగే మాట్లాడే మనిషి భూమ్మీద ఇంకొకరున్నారు! ఆ సాయంత్రమే మా రమణమ్మత్త కాళ్ళావేళ్ళా పడి సంబంధం మాట్లాడమన్నాను. ఈ పెళ్ళి తప్పిపోతే నాకు ఇంక పెళ్ళే వద్దని కూడా అన్నాను.

మే నెలలో ఒక ఆదివారం బండి మీద అత్తను ఎక్కించుకుని మైపాడు బయలుదేరాను. ఎండ మాడు పగలగొడుతోంది. దారిలో అత్త సీసా అందించింది.

"ఒక గుక్క తాగరా పెంచలయ్యా."

"యాడ పట్టినావత్తా ఈ నీళ్ళు?"

"మన బోరింగులో."

"అయితే వొద్దు. దోవలో నీళ్ళ ప్లాంటు ఉండాదిగా, ఆడ తాగతా."

నీళ్ళ ప్లాంటుకు తాళం వేసి ఉంది. కరెంటు లేదట. ఫర్వాలేదు, వాళ్ళింట్లో తాగుతాలే అనుకున్నాను. పొద్దున కూడా ఇస్త్రీ చొక్కా హడావిడిలో చుక్క నీళ్ళు తాగలేదన్న సంగతి అప్పటికి గుర్తులేదు. గుర్తున్నది కామాక్షి ఒక్కతే.

వాళ్ళ నాన్న శీనయ్య గారిది వలలూ తాళ్ళూ అమ్మే అంగడి. ఆయన ఎదురొచ్చి కూర్చోబెట్టారు. వాళ్ళమ్మ ఇత్తడి గ్లాసులో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. నా చెయ్యి దాని మానాన అది జేబులోకి వెళ్ళింది. అత్త నా కాలు తొక్కింది. అయినా మీటరు గ్లాసులో మునిగింది!

"ఏందబ్బయ్యా అది, జెరం చూస్తావుండావా నీళ్ళకి?" అన్నారు శీనయ్య గారు.

"ఆరు వందల నలభై అండీ. యాడివి ఈ నీళ్ళు?"

"చెలమవి. ఇసకలో గుంత తవ్వితే ఊరతాయే, అవి. మా తాతల కాడ్నుంచీ అయ్యే తాగతావుండాం."

"ఉప్పెక్కువుండాదండీ. నేను తాగను."

అత్త మొహం ఎర్రబడింది. శీనయ్య గారు మర్యాదస్తులు కాబట్టి పక్కింటి బోరింగు నీళ్ళు తెప్పించారు. పంతొమ్మిది వందలు! వద్దన్నాను. ఎదురంగడి నుంచి క్యాను తెప్పించబోతే క్యాన్లన్నీ అయిపోయాయన్నారు. ఆయన ఇంక చేసేదేమీ లేక చేతులు కట్టుకుని కూర్చున్నారు. నాలుక పిడచకట్టుకుపోతున్నా నేను మాత్రం ఊరుకోలేదు. ఎందుకంటే అప్పుడే కామాక్షి పళ్ళెంతో వచ్చి, నా ముందు స్టూలు మీద పెట్టి, వాళ్ళమ్మ పక్కన కూర్చుంది.

ఇదే అదను అనుకున్నాను. నా తెలివంతా ఒక్కసారే కుమ్మరించాను.

"మనిషన్నాక మంచి నీళ్ళు బాగా తాగాలండీ. కిడ్నీలకి మంచిది. తలనొప్పి రాదు. ఎండదెబ్బ తగలదు. మలబద్ధకం అనేదే ఉండదు!"

పెళ్ళిచూపుల్లో ఆ చివరి మాట ఎవరైనా వాడతారా చెప్పండి? నేను వాడాను. అదీ శీనయ్య గారి కళ్ళలోకి సూటిగా చూస్తూ వాడాను. అత్త కొంగుతో మొహం కప్పుకుంది.

కామాక్షి మాత్రం నా పెదాలకేసి చూస్తోంది. నేను తెగ మురిసిపోయాను.

"ఒక మాట అడగొచ్చా?" అంది.

"అడగండి, అడగండి!"

"పొద్దున్నుంచీ మీరెన్ని నీళ్ళు తాగినారు?"

గొప్పగా ఏదో చెబుదామని ఠక్కున లేచి నిలబడ్డాను. నేల లేచి నా మీదికి వచ్చింది. కళ్ళ ముందు నల్లటి తెర, చెవుల్లో సముద్రం హోరు, అత్త కేక. ఆ తర్వాత మెత్తగా, తియ్యగా ఏదో చెంపకు తగిలింది.

కళ్ళు తెరిచేసరికి చాప మీద ఉన్నాను. మొహం మీద తడి, చెంపకు మైసూరుపాకు. శీనయ్య గారు విసనకర్రతో విసురుతున్నారు. కామాక్షి నాడి చూసి, నన్ను గోడకు ఆనించి కూర్చోబెట్టి, లీటరు చెంబు ఒకటి పట్టుకొచ్చింది.

"చెలమ నీళ్ళే. కాచి, చల్లార్చి, మూత పెట్టినాం. దాంట్లో ఓఆర్ఎస్ పొట్లం కలిపినా" అంటూ గ్లాసులో పోసింది. నేను ఆత్రంగా చెయ్యి చాపాను.

"ఆగండి" అంది. నా జేబులోంచి మీటరు తీసి గ్లాసులో ముంచి, నా కళ్ళ ముందు పెట్టింది. అంకె మూడు వేలు దాటిపోయింది!

"మీ మీటరు ఒప్పుకోవడం లేదు. పారబోసేయమంటారా?"

"వొద్దు, వొద్దండీ! ఇట్టా ఇవ్వండి!"

"గుటగుటా తాగబాకండి, కొంచెం కొంచెం తాగండి. ఇది ఉప్పెంతుండాదో చెప్తాది, అంతే. వాంతులూ విరేచనాలూ తెచ్చే క్రిములుండాయో లేదో చెప్పదు. నేను ఆరు వందల ఉప్పుకి భయపడను, కాచకుండా మూత పెట్టకుండా ఉంచితే భయపడతా. రొయ్యలకి నీళ్ళు మార్చే మనిషి, మీరు తాగేది ఎట్టా మరిచిపోయినారు?"

సిగ్గుతో చచ్చిపోతున్నాను, ప్రేమతో బతికిపోతున్నాను. మూడో గ్లాసు అయ్యేసరికి తల తిరగడం తగ్గింది. సంబంధం మాత్రం గంగలో కలిసిందని ఖాయం చేసుకున్నాను.

శీనయ్య గారు గొంతు సవరించుకున్నారు. "ఏమ్మా, ఏం చెప్పమంటావు వీళ్ళకి?"

కామాక్షి ఖాళీ చెంబు తీసుకుంటూ, "ఎండాకాలం ఇట్టాంటోళ్ళు ఆస్పత్రికి రోజూ వొస్తానే ఉంటారు నాయనా. ఒకర్ని ఇంట్లోనే పెట్టుకుంటే కనిపెట్టుకుని ఉండొచ్చు గదా" అంది.

నేను ఆనందంతో మళ్ళీ లేచి నిలబడబోయాను. ముగ్గురు కలిసి కూర్చోబెట్టారు.

పెళ్ళయి నాలుగేళ్ళయింది. మీటరు ఇప్పుడు మా ఆవిడ స్వాధీనంలో ఉంది. చారులో ఉప్పు చాల్లేదని నేనెప్పుడైనా అంటే, మాట్లాడకుండా తెచ్చి గిన్నెలో ముంచి నా ముందు పెడుతుంది. నేనూ మాట్లాడకుండా తింటాను.

కాబట్టి పాఠకులారా, నిన్న సాయంత్రం మైపాడు ఒడ్డున సముద్రానికి ఎదురుగా నిలబడి, కుడిచెయ్యి చాచి గట్టిగా ప్రమాణం చేశాను. కాచి మూతపెట్టిన నీళ్ళు ఎవరిచ్చినా ముందు తాగుతాను, తర్వాతే మాట్లాడతాను. ప్రాణముండగా ఈ మాట తప్పను. నీళ్ళు ఎందుకు తాగాలో కూడా మూడు కారణాలు ఆవేశంగా వివరించాను.

కామాక్షి అంతా విని, ప్రమాణానికి ముందే తనిచ్చిన సీసా మూత తీసి మళ్ళీ నా చేతిలో పెట్టింది.

"ప్రమాణం అప్పుడే తప్పినారు. ముందు తాగండి."