తూము తాళంచెవి

మొన్న ఉదయం విగ్రహం కమిటీవాళ్ళు మా ఇంటికొచ్చారు. కాలవగట్టు సెంటర్లో మా పెదనాన్న విగ్రహం పెడుతున్నారట, చేతిలో మైకుతో. "శిలాఫలకం మీద నాలుగు మాటలు మీరే రాయాలండి, మాస్టారూ. మీ రాత బాగుంటుంది కదండీ" అన్నారు. కాఫీ ఇచ్చి పంపాను గానీ ఒళ్ళు మండిపోయింది. ఆయన మైకు పట్టుకున్నది ఆరేళ్ళు. తూము తాళంచెవి పట్టుకున్నది రిటైరయ్యేదాకా. ఆ తాళంచెవి వీళ్ళకు నిజంగానే గుర్తులేదా, గుర్తుండే మైకు పెట్టించారా?

డెబ్బైల్లో ఆయన మా వూరి ప్రెసిడెంటు. దాళ్వాకు, అంటే రెండో పంటకు, కాలవ నీళ్ళు వంతులవారీగా ఇచ్చేవారు. మూడు రోజులు మా తూము తెరిచాక మూసేసి, కింద శివారు వూరికి నీళ్ళు వదలాలి. మా వంతు అయిపోయినా మూయనివ్వకుండా, జనాన్ని వెంటేసుకెళ్ళి తాళం బద్దలుకొట్టించడమే మా పెదనాన్న రాజకీయం. దానికే దండలు, దానికే జేజేలు. నేనూ గొంతు చించుకున్నవాణ్ణే. ఎనభైల మొదట్లో సమితి ఎన్నికలకు నిలబడి ఆ శివారు వూరికే ఓట్లకు వెళ్ళారు. ఒక ముసలావిడ బీటలువారిన చేను చూపించి, "మా నీళ్ళు తాగేసేరు. ఇప్పుడు ఓట్లు కూడా కావాలాండీ?" అందట. ఓడిపోయి ఇంటికొచ్చినా ఆ మాట ఆయన్ని వదల్లేదు. ఆ తర్వాత ఎవరెంత నవ్వినా వినకుండా, అదే తూముకు తాళం వేసే లస్కరు ఉద్యోగంలో చేరారు. నిన్నటి ప్రెసిడెంటుగారు ఖాకీ నిక్కరుతో గట్టు మీద తిరుగుతుంటే మా పెద్దమ్మ వీధిలోకి రావడం మానేసింది.

ఒక ఏడు మా చేను ఇంకా కంకి వెయ్యక పొట్ట మీదుండగా వంతు అయిపోయింది. మా నాన్న తూము దగ్గరికెళ్ళి, "అన్నయ్యా, ఒక్క పూట ఆగు. ఈ చేను పోతే పిల్లలకి తిండి లేదు" అన్నారు. పెదనాన్న తాళం వేసి, "ఆ నీళ్ళు నావి కాదు, తమ్ముడూ" అన్నారు. గింజ పట్టక చేనంతా తాలయింది.

లస్కరు శివారువాళ్ళకు నీళ్ళు అమ్ముకుంటున్నాడని ఊరంతా కలిసి అర్జీ పెట్టింది. పచ్చి అబద్ధం, అందరికీ తెలుసు. మొదటి సంతకం మా నాన్నది. రాసింది నేను. ఎవరూ బలవంతపెట్టలేదు, కసికొద్దీ రాశాను. విచారణకొచ్చిన ఇంజనీరు ఆ కాయితం పెదనాన్న చేతిలో పెట్టాడు. ఆయన సంతకాల దాకా వెళ్ళలేదు, అక్షరాల దగ్గరే ఆగిపోయారు. చిన్నప్పుడు పలక మీద నా చెయ్యి పట్టి దిద్దించింది ఆయనే. గుంపులో నన్ను వెతికి చూసి, "రాత బాగా కుదిరింది రా" అన్నారు. తాళంచెవి ఇంజనీరు ముందు పెట్టి వెళ్ళిపోయారు. ఆయన్ని వేరే కాలవకు బదిలీ చేశారు. రిటైరయ్యేదాకా అక్కడి తూముకే తాళం వేశారు. మళ్ళీ మా వూరి మొహం చూడలేదు.

ఆ సంతకాలు పెట్టినవాళ్ళ కొడుకులే ఇప్పుడు కమిటీ. వాళ్ళను తిట్టుకుంటూనే కాయితం ముందేసుకుని, ప్రెసిడెంటు అని కాకుండా 'లస్కరు' అని రాశాను. దాని కింద ఆ అర్జీ రాసింది నేనేనని కూడా రాయాలి. కాలం గడిచేకొద్దీ నిజం చెప్పడం తేలికవుతుందనుకున్నాను. నలభై ఏళ్ళు గడిచినా నా కలం 'లస్కరు' అన్న ఆ మొదటి మాట దగ్గరే ఆగి ఉంది.