బాపు అతికిన కేబుల్

సూరత్‌లో కార్ఖానాలన్నీ మూతపడ్డ ఆ కరోనా రోజుల్లో మా ఇంట్లో అందరికంటే ఎక్కువ అవస్థ బాపుది, అంటే మా నాన్నది. పొద్దంతా మగ్గాల మోతలో బతికిన మనిషి ఒక్కసారిగా చేతిలో పని లేకుండా కూర్చోవాల్సి వచ్చింది. కూర్చున్నాడా అంటే, ఎక్కడ! కుర్చీ కాళ్లకు మేకులు కొట్టాడు. ఫ్యాను విప్పాడు, బిగించాడు, మళ్లీ విప్పాడు. "జర కూసోరాదయ్యా, ఇల్లు పీకి పందిరేస్తవా ఏంది?" అంటూ అమ్మ కుక్కర్‌ను ఆయన కంట పడకుండా దాచేసింది.

నాకు మాత్రం అప్పుడే దారి కనబడింది. కంప్యూటర్ నెట్‌వర్కుల్లో లొసుగులు ఎక్కడున్నాయో పరీక్షించే పని నేర్చుకుని, పుణెలో ఒక చిన్న కంపెనీ చివరి ఇంటర్వ్యూ దాకా వచ్చాను. వీడియో కాల్‌లో వాళ్ల కళ్లముందే పని చేసి చూపించాలి. ఉద్యోగం వస్తే ఇంటినుంచే చేసుకోవచ్చు, ఇల్లు గడుస్తుంది. రాకపోతే సామాను సర్దుకుని సొంతూరు కరీంనగర్ దిక్కు పోవుడేనని బాపు అప్పటికే తేల్చేశాడు. నేను పుట్టి పెరిగింది సూరత్‌లో. పోవాలంటే నాకు ఏడుపొచ్చేది.

ముందుగదిలో రౌటర్, దాని పక్కన దానికే తగిలించి, పరీక్ష కోసం నేను సిద్ధం చేసుకున్న పాత కంప్యూటర్. లోపలి గదిలో తలుపేసుకుని నేనూ, నా ల్యాప్‌టాపూ. మధ్యలో పొడుగాటి కేబుల్. స్కానర్ అనే టూల్ ఆ పాత కంప్యూటర్‌లో ఒక్కో పోర్టునూ, అంటే లోపలికి పోయే ఒక్కో తలుపునూ, తట్టి చూసి, ఏది తెరిచి ఉందో ఏది మూసి ఉందో చెప్పాలి. ఇంటర్వ్యూ చేసే సారు నా ఫోన్‌లో ఉన్నాడు. ల్యాప్‌టాప్ తెర ఆయనకు కనబడేలా ఫోన్‌ను పప్పుడబ్బాకు ఆనించి పెట్టాను.

మొదటిసారి నడిపితే మూడు పోర్టులు తెరిచి ఉన్నాయంది. "ఇంకోసారి నడపండి," అన్నాడు సారు. ఈసారి ఒకటే అంది. మూడోసారి అసలా కంప్యూటరే లేదు పొమ్మంది. దీని దుంపతెగ! నిన్నంతా బుద్ధిగా పనిచేసిన టూల్ ఇవాళే ఇలా నా పరువు తీయాలా?

"టూల్ పాడైందా?" అడిగాడు సారు.

"కాదు సార్," అనేశాను, ఏ ధైర్యంతోనో. అన్నాక చూపించాలి కదా. స్కానర్‌ను పక్కనపెట్టి మామూలు పింగ్ పంపాను. అంటే మనం "ఉన్నావా?" అని పిలిస్తే అవతలి కంప్యూటర్ "ఉన్నా" అని బదులివ్వాలి. సగం పిలుపులకు బదులే లేదు. టూల్ తప్పేం లేదు, మధ్యలో దారే బాగాలేదు. ఒక చేత్తో ఫోన్, ఇంకో చేత్తో కేబుల్ పట్టుకుని, తడుముకుంటూ బయల్దేరాను. మంచం కింద, బీరువా వెనక ఏమీ లేదు. ముందుగదిలో పరదా చాటున మాత్రం నల్లటేపు చుట్టిన పొడుగాటి బొడిపె తగిలింది. నిన్న అది అక్కడ లేదు.

"ఇదెవరు చేసిన్రు?" అని అరిచాను.

బాపు మొహం వెలిగిపోయింది. "నేనే బిడ్డా! పొద్దుగాల చూస్తే ఎలుక కొరికి పెట్టింది. నీ పరీక్ష ఉన్నదని జల్ది జల్ది అతికేసిన. రంగుకు రంగు కలిపిన, చూస్కో!"

టేపు విప్పి చూశాను. అబ్బ, ఏం పనితనం! ఎనిమిది తీగలూ మగ్గం మీది పడుగు పోగుల్లా పక్కపక్కనే, ఒక్కోదానికి ఒక్కో ముడి. వచ్చిన చిక్కంతా అక్కడే. ఆ తీగలు జంటలు జంటలుగా మెలేసి ఉంటాయి. ఆ మెలిక వల్లే ఒక జంటలో పోయే సంకేతం ఇంకో జంటను చెడగొట్టదు. కానీ మెలికపడ్డ పోగు కనబడితే బాపు చేతులు ఊరుకుంటాయా? జానెడు పొడుగున మెలికలన్నీ విప్పి, నిటారుగా సాపు చేసి మరీ ముడేశాడు.

ఇదంతా సారుకు హిందీలో చెప్పాను. చెప్పి తలెత్తేసరికి బాపు మొహం పాలిపోయి ఉంది. కార్ఖానాలో ఇన్నేళ్లు పనిచేసినవాడికి హిందీ అర్థం కాదా? ఫోన్ ముందుకొచ్చి రెండు చేతులూ జోడించాడు. "సాబ్, గల్తీ మేరీ హై. లడ్కీ కీ నహీ," అన్నాడు. తప్పు తనదేనట, పిల్లది కాదట. ఆ చేతులను కిందికి దించి, ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టాను.

సారు నవ్వుతూనే ఉన్నాడు. "మీరు కూర్చోండి చాచా, అమ్మాయిని పని పూర్తి చేయనివ్వండి," అన్నాడు. ల్యాప్‌టాప్ ముందుగదికి తెచ్చి, పొట్టి కేబుల్‌తో నేరుగా రౌటర్‌కు తగిలించాను. ఒక పక్క అమ్మ ఉల్లిగడ్డలు కోస్తోంది, ఇంకో పక్క బాపు ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. ఎన్నిసార్లు నడిపినా స్కానర్ ఒకటే మాట చెప్పింది. నేను ఆ పాత కంప్యూటర్‌లోని లొసుగులన్నీ ఒక్కొక్కటే విప్పి చెప్పాను.

"టూల్ నడపడం ఎవరికైనా వస్తుంది," అన్నాడు సారు చివరికి. "అది తప్పు చెప్తుంటే ఎందుకో వెతికేవాళ్లు కావాలి మాకు. సోమవారం చేరిపోండి."

ఆ సాయంత్రం బాపు మాస్కు గడ్డం కిందికి లాక్కుని, గల్లీలో ఎదురింటి కాకకు కథంతా చెప్తున్నాడు. "నేను గా వైరు ఖరాబు చెయ్యకపోతే, మా బిడ్డ ఎంత హుషారో గా సాబ్‌కు ఎట్ల తెలుస్తుండె?"

"అయితే ఇగ ఊరికి పోతలేరా?" అన్నాడు కాక.

"ఏం పోవుడు? నౌకరి ఇప్పిచ్చిన గదా!"

గుమ్మంలో నిలబడి విన్న నేను, ఆ మాటలో లొసుగు ఎక్కడుందా అని వెతికాను. ఒక్కటీ దొరకలేదు.