వేలికి చుట్టిన టేపు

"గెలిచేదాకా ఇంటికి రావద్దురా అని ఏ కన్నతల్లయినా అంటుందా బాబూ?" టైలరక్క అన్నది ఇదీ. కెమెరా పట్టుకుని దుకాణానికొచ్చిన ప్రచార శాఖ కుర్రాడు ముందు ముక్క ఉంచుకుని, తోకను కత్తిరించి పారేశాడు. తెల్లారేసరికి దేశమంతా ఫోన్లలో ఆవిడ మొహమే, "గెలిచేదాకా ఇంటికి రావద్దురా!" అంటూ. వెనకాల బాజాలు, పైన జెండా. గుడ్డ కత్తిరించడంలో ఇంత నేర్పు తనకూ లేదని ఆవిడే ఒప్పుకుంది.

యుద్ధంలో ఉన్న కొడుక్కి ఆ వీడియో తెర కట్టి మరీ చూపించారు. వాడి నుంచి ఒక్క సందేశం వచ్చింది: "సరే అమ్మా. రాను." అంతే. అక్కడి నుంచి కబురు రావాలే తప్ప ఇక్కడి నుంచి వెళ్ళే దారి లేదు.

చెల్లెలి కొడుకు జెరాక్స్ షాపులో పనిచేస్తాడు. పెద్దమ్మ ఫోన్ వ్యవహారాలన్నీ వాడివే. "నేను అలా అనలేదు" అని ఆవిడ చేత చెప్పించి వీడియో పెట్టాడు. టీ చల్లారేలోపు అది మాయమైంది. మళ్ళీ పెడితే ఈసారి అకౌంటే పోయింది. కారణం: శత్రువుల దుష్ప్రచారం.

"తల్లి తన మాట తాను చెప్పుకుంటే శత్రువు ప్రచారమా? కోర్టుకెక్కుదాం పెద్దమ్మా!"

"ఎక్కుదాంలే. ముందు ఆ గుండీల డబ్బా ఇలా తే."

వాడికి ఒళ్ళు మండింది. దానికి తోడు, జనం ఆవిణ్ణి మెచ్చారని ప్రచార శాఖ రెండో వీడియోకి పిలిచింది. ఈవిడ వెళ్తానంది.

"సిగ్గులేదూ? వాళ్ళు రాసిచ్చింది చదువుతావా?"

"నా మాట వాడి దాకా చేరాలంటే వాళ్ళ బండే ఎక్కాలి కదరా. మన బండి కదలనివ్వరుగా."

వెళ్ళింది. కుర్చీలో కూర్చుని, రాసిచ్చింది అక్షరం పొల్లుపోకుండా చదివింది. మన వాళ్ళు దూసుకుపోతున్నారు, సరుకులకు కొరత లేదు, నా బిడ్డను దేశానికే రాసిచ్చాను, గెలుపు రేపే. చదువుతున్నంతసేపూ మెడలోని కొలత టేపును ఎడమచేతి చూపుడువేలికి చుడుతూనే ఉంది. చివరికి ఆ వేలు పెద్ద గాయమై కట్టు కట్టినట్టు తయారైంది.

శాఖ వాళ్ళకేం తెలుసు? లోకంలోని దర్జీలందరిలాగే ఆవిడకూ ఒక్కటే అబద్ధం, "రేపు తప్పకుండా ఇచ్చేస్తా." అది నోట్లోంచి వస్తుంటే చేయి టేపును వేలికి చుట్టుకుంటుంది. కొడుకు చిన్నప్పుడు మిషను కింద కూర్చుని, "అమ్మ టేపు చుట్టిందండీ, రేపు రాకండి!" అని గిరాకీలకు చెప్పి వీపు విమానం మోత మోగించుకునేవాడు. వీధి వీధంతా ఎరిగిన సంగతే.

వీడియో కింద కామెంట్లు కుప్పలు పడ్డాయి. "రేపేనా అక్కా?" "నా ప్యాంటూ గెలుపూ ఒకేసారి ఇస్తావా?" "అక్క చెప్పిందంటే రేపే!" జనం ఉత్సాహం చూసి శాఖ మురిసిపోయింది. మళ్ళీ తెర కట్టి సైనికులకు చూపించింది.

ఆ సాయంత్రమే ఫోన్ మోగింది. అవతల ముందు కొడుకు నవ్వే వినపడింది.

"అమ్మా, మొత్తం టేపు చుట్టేశావు కదే!"

"మరి మొదటిది ఎలా నమ్మావురా వెధవా? అప్పుడు చుట్టానా?"

"అందులో నీ మొహమే చూపించారే అమ్మా. చేతులు కనపడితేగా!"

తిట్టింది, ఏడ్చింది, మళ్ళీ తిట్టింది.

గుట్టు బయటపెట్టింది శాఖలోనే పనిచేసే ఒక గుమాస్తా. ఆయన ప్యాంటు ఆర్నెల్లుగా ఆవిడ దగ్గరే ఉంది. ఆ కోపం ఊరికే పోతుందా? వీడియో పోయింది. దుకాణానికి తాళం పడింది. అప్పటికే కుర్రకారంతా వేలికి టేపు చుట్టుకుని ఫొటోలు పెడుతుంటే, టేపు కనబడిన ప్రతి ఫొటోనూ తీసేయమన్నారు. దాంతో ఊళ్ళో దర్జీల ప్రకటనలతో పాటు, ఇంచి ఇంచికీ గీతలున్న స్కూలు స్కేళ్ళ ప్రకటన కూడా కొట్టుకుపోయింది.

ఆ తర్వాత ఒకరోజు చెల్లెలి కొడుకు వెళ్ళేసరికి ఆవిడ ఇంట్లోనే, కిటికీ వెలుగులో మిషను వేసుకుని స్కూలు యూనిఫాం కుడుతోంది. ఎదురింటి అరుగు మీద పనీపాటా లేనట్టు కూర్చున్న మనిషొకడు ఇటే చూస్తున్నాడు.

"భయం లేదా పెద్దమ్మా?" అన్నాడు గొంతు తగ్గించి.

"నా కొడుకు రానన్నప్పుడే పడ్డానురా, పడాల్సినంతా. మళ్ళీ మళ్ళీ పడటానికి నాకు తీరికెక్కడిది? ఇదిగో, ఈ సూదిలో దారం ఎక్కించి వెళ్ళు."