కుర్చీ వేసిన పుట్టి

నాకు నీళ్లంటే భయం అని చెబితే మా వైపు వాళ్లు నవ్వుతారు. "మన పక్క నీళ్లు యాడుండాయి మేడమ్, భయపడేదానికి?" అంటారు. నిజమే. పెనుకొండలో పుట్టి పెరిగిన దాన్ని. ట్యాంకరు వచ్చినప్పుడు బిందెల దగ్గర జరిగే కొట్లాటకు భయపడ్డాను గానీ, నీళ్లకెప్పుడూ భయపడలేదు. ఈ భయం ఒక్క మధ్యాహ్నంలో వచ్చింది. ఇంతవరకూ పోలేదు.

నాకు రెండు కాళ్లూ పోలియో. తొడల నుంచి పాదాల దాకా ఇనుప కాలిపర్లు కట్టుకుని, చంకల్లో కర్రలు పెట్టుకుని నడుస్తాను. సోమందేపల్లి దాటి, తారురోడ్డు దిగి లోపలికి పోతే వచ్చే ఒక చిన్న ఊళ్లో టీచరును. ఊరి పేరు చెప్పను, వాళ్లతో నాకింకా పని ఉంది. వెనక రెండు చిన్న చక్రాలు బిగించిన స్కూటీ మీద రోజూ పెనుకొండ నుంచి పోయి వస్తాను. ఊరికి ఒక పక్క గుట్ట, పైన చెరువు, ఇవతల ఊరికీ తారురోడ్డుకూ మధ్య వంక. నేను చేరినప్పటి నుంచి ఆ చెరువులో మేకలు మేయడమే చూశాను. వంకలో ఇసుకా, ముళ్లకంపా తప్ప మరేమీ లేవు.

ఆ ఏడు వానలు విడవకుండా పట్టుకున్నాయి. మూడు రోజుల ముసురు తర్వాత ఒక పొద్దున కాస్త తెరిపిచ్చింది కదా అని బడికి పోయాను. పదకొండుకల్లా మళ్లీ మొదలైంది. మధ్యాహ్నానికి చెరువు నిండి, ఎక్కువైన నీళ్లు మరవ మీదుగా పారాయి. నా బడి పిల్లలు పుట్టి బుద్ధెరిగాక మరవ నీళ్లు చూడలేదు. బడి వదిలేసి కేకలు పెట్టుకుంటూ పరిగెత్తారు. నేనూ వరండాలో నిలబడి సంతోషపడ్డాను. ఆ సంతోషం గంట సేపు కూడా నిలవలేదు.

మూడు గంటలప్పుడు ఊరి పెద్దాయన తడిసిన పంచె మోకాళ్ల పైకి కట్టుకుని వచ్చాడు. "మేడమ్, కట్ట కారతాండాది. రాత్రికి నిలుస్తుందో లేదో చెప్పలేం. ఊరంతా గుట్టెక్కుతాండాం" అన్నాడు. నన్ను పైనుంచి కిందికి చూసి, తర్వాత మాట మింగేశాడు. ఆ గుట్ట మీదికి మేకలు ఎక్కే దారి తప్ప వేరే దారి లేదు. వంక మీది కల్వర్టు అప్పటికే మునిగిపోయింది. స్కూటీ తాళంచెవి చేతిలో పట్టుకుని అట్లే నిలబడిపోయాను. కట్ట తెగితే ఈ ఊళ్లో పరిగెత్తలేనిది నేనూ, పక్షవాతంతో ఎడమ పక్క పడిపోయిన ఒక అవ్వా, ఇద్దరమే. అందరూ పోయాక బడి గదిలో నేనొక్కదాన్నే కూర్చుని, తలుపు కింద నుంచి వచ్చే నీళ్లను చూస్తున్నట్టు ఊహ వచ్చింది. 

"పుట్టి ఉండాది. నిన్నూ అవ్వనూ రోడ్డుకు దాటిస్తాం. మీ నాయనకు ఫోను చేసినా, వస్తాండాడు" అన్నాడు పెద్దాయన.

పుట్టి అంటే చెరువులో చేపలు పట్టేవాళ్ల వెదురు బుట్ట. అడుగున తారు పూసిన ప్లాస్టిక్ పట్ట. ముందూ వెనకా ఉండవు, గుండ్రంగా ఉంటుంది. ఇద్దరు మనుషులూ ఒక వలా పడితే నిండిపోతుంది. దాన్ని నడిపేది ఒక సన్నటి ఆడమనిషి, తెడ్డు చేతిలోంచే మొలిచినట్టు ఉంటుంది. నేను కర్రలతో వంక గట్టుకు చేరేసరికి ఊళ్లో సగం మంది అక్కడే ఉన్నారు, నా పిల్లలతో సహా. పుట్టి నీళ్లలో తేలుతోంది. అందులో కుర్చీ వేసి ఉంది.

నా బడి కుర్చీయే. ఎర్ర ప్లాస్టిక్‌ది.

పుట్టి నడిపే ఆమె వద్దంటోంది. "కుర్చీ నిలవదప్పా. అడుక్కు కూర్చోవల్ల" అంటోంది. పెద్దాయన ఆమె మీద కసిరాడు. "మన పిల్లోళ్లకు చదువు చెప్పే మేడము. చేపల బుట్టలో నేల మీద కూర్చోబెడతామా? మర్యాద ఉండొద్దా?" అన్నాడు. మా సీమలో ఇంటికొచ్చిన మనిషికి ముందు కుర్చీ, తర్వాతే మంచినీళ్లు. పుట్టి అయినా, ప్రాణాపాయమైనా ఆ వరస మారదు.

వాళ్లనేమని లాభం? నేను నోరు తెరిచి వద్దనాల్సింది. అనలేదు. నాకా కుర్చీ కావాలి.

ఎందుకో చెప్తాను. ఏడేళ్లు వచ్చే దాకా నేను పాకేదాన్ని. రాళ్లకు అరచేతులు కోసుకుంటాయని మా నాయన తన పాత టైరు చెప్పులు చిన్నగా కోసి, వార్లు కుట్టి, నా చేతులకు తొడిగేవాడు. నాయన గొర్రెలు మేపేవాడు, ముళ్లు దిగని చెప్పుల సంగతి ఆయనకు బాగా తెలుసు. హిందూపురంలో ఏదో క్యాంపులో నాకు కాలిపర్లు ఇచ్చిన రోజు, తిరిగి వస్తుండగా ఆ చేతి చెప్పులను బస్సు కిటికీలోంచి బయటికి విసిరేశాడు. "ఇంగ నువ్వు పాకే పని ల్యా తల్లీ. ఎవురి ముందరా పాకొద్దు" అన్నాడు. నేను మళ్లీ పాకలేదు. ఇంట్లో తలుపేసుకుని తప్ప, ఎవరి ముందూ నేల మీద కూర్చోలేదు. ఎందుకంటే కూర్చుంటే లేవాలి, లేవాలంటే ముందు పాకాలి. నా పిల్లలు నన్ను కుర్చీలోనో, కర్రల మీదో మాత్రమే చూశారు.

అందుకని నోరు మూసుకున్నాను. నలుగురు మగాళ్లు వచ్చారు. ఎట్లా పట్టుకోవాలని నన్నెవరూ అడగలేదు. ఒకాయన చంక కింద, ఒకాయన నడుము, ఇద్దరు తలా ఒక కాలు. "ఒకటి, రెండు" అని కూడా అనుకోకుండా, ఎవరికి తోచినప్పుడు వాళ్లు లేపారు. ఆ పైకి లేపిన క్షణం నాకు చిన్నప్పటి నుంచీ నరకం. అప్పుడు నా ఒళ్లు నాది కాదు. కుర్చీలో పెట్టారు. నా బరువు పడగానే పుట్టి ఒక పక్కకు ఒరిగింది, కుర్చీ కాళ్లు తడి పట్ట మీద జారాయి. అంచు మీదుగా నీళ్లు చల్లగా ఒళ్లోకి వచ్చాయి. కాలిపర్ల కొసలు నీళ్లలోకి దిగాయి. ఆ ఇనుము బరువు నాకు ముప్పై ఏళ్లుగా తెలుసు. కానీ అది నన్ను కిందికి లాగడం అదే మొదలు.

 పుట్టి నడిపే ఆమె రెండో అంచు మీద బోర్లా పడి దాన్ని నిలబెట్టింది. నేను పెద్దాయన మెడలోని తువ్వాలు పట్టుకుని వేలాడాను. ఆయన ఊపిరాడక కళ్లు తేలేశాడు. అందరూ కలిసి నన్ను ఎట్లో గట్టు మీదికి ఈడ్చారు. కుర్చీ మాత్రం పోయింది. ఎర్రగా, నిటారుగా, ఎవరో కూర్చున్నట్టే కొంతదూరం తేలి, కంపల వెనక్కు తిరిగి కనబడకుండా పోయింది. 

భయానికి నాకు బట్టల్లోనే ఒంటేలు పోయింది. అప్పటికే తడిసి ఉన్నాను కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు చెప్పుకోడానికి నాకు సిగ్గు లేదు.

పుట్టి నడిపే ఆమె గట్టెక్కి అందరినీ దూరం జరగమంది. నా ముందు గొంతుక్కూర్చుంది. "మేడమ్, ఇంట్లో మంచమెట్ల ఎక్కుతావు?" అని అడిగింది.

నలభై ఏళ్లలో నన్ను ఆ ప్రశ్న అడిగిన మనిషి లేదు. ఏడుపొచ్చింది. "మంచానికి వీపు పెట్టి, చేతులు వెనక ఆనించి, నడుము ఎత్తి వేసుకుంటా" అన్నాను.

"ఇదీ అట్లే ఎక్కు. నేను పుట్టిని మంచం చేస్తా. ఆ ఇనుము మాత్రం తీసేయ్. మునిగితే నిన్ను లాగుతాది. మునగకున్నా కొసలు పట్టను చించుతాయి. మల్లా ట్రిప్పుకు తెచ్చిస్తా."

ఆమె పుట్టిని సగం గట్టు మీదికి లాగింది. ఇద్దరు మగాళ్లను నీళ్లలోకి దింపి, చెరో పక్క అంచు పట్టుకుని నిలబడమంది. నేను పట్టీలు విప్పడం మొదలుపెట్టాను. తడికి బిగుసుకున్న బకిళ్లను ఒక్కోదాన్ని రెండు మూడు సార్లు లాగాల్సి వచ్చింది. చుడిదార్ కింద నా కాళ్లు రెండు పుల్లల్లాగా బయటపడ్డాయి. నా మూడో తరగతి, నాలుగో తరగతి పిల్లలంతా చూస్తున్నారు. తల వంచుకుని, వీపు పుట్టి వైపు పెట్టి, బురదలో చేతులు ఆనించి దేకుతూ వెనక్కు పోయాను. చేత్తో అంచు తడిమి, నడుమెత్తి లోపలికి వేసుకున్నాను. పుట్టి కదల్లేదు. నేల మీద, సరిగ్గా మధ్యలో కూర్చున్నాను. పిల్లల్లో ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదేమో, ఆ నిశ్శబ్దానికి ఇంకా భయమేసింది.

తర్వాత అవ్వను నులక మంచం మీద మోసుకొచ్చారు. ధర్మవరంలో మగ్గం నేసే కూతురి దగ్గరికి ఆమెను పంపాలని వాళ్ల ఆలోచన. మళ్లీ నలుగురూ ఎత్తబోయారు. "ఎత్తొద్దు!" అని నేను అరిచాను. తరగతిలో అరిచే గొంతు అది, పెద్దాళ్లు కూడా ఆగారు. అవ్వను గట్టు మీద నాకు వీపు పెట్టి కూర్చోబెట్టమన్నాను. బలమున్న కుడిచేత్తో ఒకాయన భుజం పట్టుకోమని ఆమెకు చెప్పాను. వెనక నుంచి చంకల కింద చేతులు వేసి నేను లాగుతాను, కాళ్లు మీరు నెమ్మదిగా అందించండి అన్నాను. కర్రలు మోసీ మోసీ నా చేతులు బండల్లాంటివి. నాకున్న బలమంతా అక్కడే.

అంతా సరిగ్గానే జరుగుతోంది. సగం అవ్వ లోపల, సగం బయట ఉన్నప్పుడు ఆమె నీళ్లను చూసింది. ఎన్నేళ్ల తర్వాత చూసిందో! "గంగమ్మ తల్లీ, వస్తివా!" అని, పట్టుకున్న ఆ ఒక్క చెయ్యీ వదిలేసి నుదుటికి ఎత్తి మొక్కింది. ఆమె బరువంతా ఒక పక్కకు పడింది. పుట్టి ఊగింది.  రెండు చేతులూ ఆమె పొట్ట చుట్టూ బిగించి వెనక్కు పడ్డాను. ఇద్దరం పుట్టి అడుగున వెల్లకిలా పడి ఉన్నాం. వాన ముఖం మీద పడుతోంది.

"అవ్వా, దాటినాక మొక్కుదువు గానీ!" అన్నాను కోపంగా.

"ఇంత దగ్గరికి వస్తే మొక్కకుంటే ఎట్ల మే?" అంది అవ్వ. ఆమెకు నా మీదే కోపం.

ఆమెను నా ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. పుట్టి నీళ్లలోకి దిగింది. నడివంకలో ఉరవడికి అది గిర్రున తిరగడం మొదలైంది. ఊరు, గుట్ట, రోడ్డు, మళ్లీ ఊరు. నీళ్లు నా నడుముకు అరచేతి మందం అవతల, పట్ట కింద నుంచి తట్టి పోతున్నాయి. కంపల కొనలు పక్కనే గీసుకుంటూ పోతుంటే, ఒక్క ముల్లు చాలు కదా అని లెక్కేసుకున్నాను. కళ్లు మూసుకుంటే తిరుగుడు ఎక్కువైంది, తెరిస్తే నీళ్లు. అవ్వ వణుకుతోందో నేను వణుకుతున్నానో తెలియలేదు. పుట్టి నడిపే ఆమె మాత్రం పళ్లు బిగించి, తెడ్డు ఒకే పక్క వేస్తూ ఉంది. ఆమెకూ భయమైందని తర్వాత చెప్పింది.

రోడ్డు పక్క గట్టు మీద నాయన కనబడ్డాడు. ఇంకా ఒడ్డు చేరకముందే ఆయన చేతులు చాచి నీళ్లలోకి దిగాడు. చిన్నప్పటి నుంచీ అంతే, నన్ను చూస్తే ఎత్తుకోవడం తప్ప ఆయనకు ఇంకోటి తెలియదు. ఆయన వచ్చి అంచు పట్టుకుంటే ముగ్గురం పోతాం.

"నాయనా! ఆడే నిలబడు! ముట్టుకోవద్దు!" అని అరిచాను.

ఆయన మీద నేను గొంతెత్తడం అదే మొదటిసారి. మోకాటి లోతు నీళ్లలో ఆగిపోయాడు. చాచిన చేతులు అట్లే ఉన్నాయి.

రోడ్డు మీదున్న వాళ్లు పుట్టిని గట్టుకు లాగి, నేను చెప్పినట్టే అవ్వను దింపి ఆటోలో కూర్చోబెట్టారు. తర్వాత నా వంతు. ఎవరో ఎత్తడానికి వచ్చారు, వద్దన్నాను. ఇంకోసారి గాల్లోకి లేస్తే నా గుండె పగిలేది. నడుమెత్తి గట్టు మీదికి వేసుకున్నాను. అక్కడి నుంచి ఆటో దాకా ఏటవాలు. నీళ్లకు కోసుకుపోయిన కంకర, కొట్టుకొచ్చిన కంప. కాలిపర్లూ కర్రలూ అవతలి గట్టున ఉన్నాయి. చేతులూ మోకాళ్లూ తప్ప వేరే దారి లేదు.

నాయన ముఖం చూడలేకపోయాను. ఆయన మాట పోగొడుతున్నాను, అదీ రోడ్డంతా చూస్తుండగా. అరచెయ్యి కంకర మీద ఆనించాను. ఆనించగానే ముల్లు దిగింది, చెయ్యి వెనక్కు తీసుకున్నాను.

నాయన నీళ్లలోంచి వచ్చాడు. చేతులు చాచలేదు. నా ముందు వంగి, కాళ్లకున్న టైరు చెప్పులు రెండూ విప్పాడు. నీళ్లు దులిపి, ఆటో వైపుకు తిప్పి, నా రెండు చేతుల ముందూ పక్కపక్కన పెట్టాడు.

"ముళ్లుండాయి మ్మా" అన్నాడు.

చేతులు దూర్చాను. చిన్నప్పటి వాటికంటే చాలా పెద్దవి, అయినా వేళ్లకు వార్లు దొరికాయి. నేను పాకుతుంటే, ఆ కంప మీద ఉత్తకాళ్లతో నాయన నా పక్కనే ఆటో దాకా నడిచాడు.