చేతులు కనపడాలి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పోలీసులకు కోర్టు బందోబస్తు నేర్పే పనిలో పడ్డాక అది మరీ ఎక్కువైంది. మదనపల్లెలో ఆ బ్యాచ్‌కి మొదటిరోజే చెప్పాను: జడ్జిగారు వరండాలో నడిచి వస్తుంటే మీరు ఆయన్ని చూడకూడదు. ఆయన వైపు వీపు పెట్టి జనాన్ని చూడాలి. జనంలోనూ ముఖాలు కాదు, చేతులు చూడాలి. కత్తయినా రాయయినా ఉండేది చేతిలోనే.

అందరూ బుద్ధిగా తలలూపారు. తీరా నేను జడ్జిగారిలా నల్లకోటు తగిలించుకుని నడిస్తే, ఒక కానిస్టేబులమ్మాయి నా వైపు తిరిగి బిగుసుకుపోయి సెల్యూట్ కొట్టింది.

"ఏమమ్మా, కాపలాకి వచ్చినావా, దర్శనానికి వచ్చినావా?" అన్నాను.

"పెద్దోళ్లకి ఈపు పెట్టి నిలబడేది ఎట్ల సార్? మా ఇంట్లో అయితే తంతారు."

ఒళ్లు మండింది, నవ్వూ వచ్చింది. ఆమెది పుంగనూరు పక్కన పల్లె. ఇంట్లో అందరూ కూలికి పోయినవాళ్లే, నెలజీతం అనేది ఈమెతోనే మొదలు. ఉద్యోగం చూస్తే కుప్పంలో, చిన్న కూతురేమో పల్లెలో అమ్మానాన్నల దగ్గర. ఈ శిక్షణలో నెగ్గితే పుంగనూరు కోర్టు గార్డులో వేస్తారు, రోజూ బిడ్డ దగ్గరికి పోవచ్చు. లేదంటే మళ్లీ కుప్పమే. ఆ సంగతి తెలిశాక సాయంత్రాలు ఆమెను ఆపి మరీ నేర్పాను. తిట్లు కూడా దండిగానే పడ్డాయి పాపం.

పరీక్ష పుంగనూరు కోర్టులో, పనిదినాన పెట్టుకున్నాం. జడ్జిగారు సరేనన్నారు. వరండా నిండా వాయిదాలకు వచ్చినవాళ్లు. అందులో తెల్లపంచె కట్టుకున్న ఒకాయన్ని చూసి ఆమె ముఖం మారిపోయింది.

"మా నాయన సార్. మాకుండే అరెకరా చేని గట్టు తగాదా వాయిదా ఉండాది. ఈ పొద్దని నాకు తెలీదు."

"ఈ పూట నీకు నాయన లేడు, చేతులే ఉండాయి" అన్నాను.

జడ్జిగారు గదిలోంచి బయటికి వచ్చారు. అందరూ లేచారు. ఆమె ఆయనకు వీపు పెట్టి నిలబడింది. హమ్మయ్య అనుకున్నాను. అంతలో వాళ్ల నాయన, పెద్దవాళ్ల ముందు జీవితమంతా నిలబడినట్టే, భుజం మీది తువ్వాలు తీసి, వంగి, రెండు చేతులూ చంకల్లో దూర్చుకున్నాడు. చేతులు కనపడటం లేదు. ఆమె ఊరుకుంటే నేను ఫెయిల్ రాయక తప్పదు.

"నాయనా, చేతులు బయట పెట్టు."

"అయ్య వస్తాండాడు గదమ్మా."

"వస్తే రానీ. తువ్వాలు భుజానేసుకో. చేతులు కిందికి ఇడిసి నేరుగా నిలబడు. ఈడ అందరికీ అదే రూలు."

ఆయన అలాగే చేశాడు. చేతులు వదలగానే నడుము దానంతటదే నిటారైంది. జడ్జిగారు ఆయన ముందునుంచే నడిచిపోయారు. ఆయన వంగలేదు. దాచుకోవడం ఎందుకు, నా కళ్లల్లో నీళ్లొచ్చాయి.

తర్వాత టీ కొట్టు దగ్గర తండ్రీకూతుళ్లిద్దరూ నాకోసం కాచుకుని ఉన్నారు.

"బిడ్డ పాసయినాదా సార్?"

"అయింది. ఇంక రోజూ ఇంటికి వస్తాది" అన్నాను.

అలవాటుగా ఆయన చేతులు చంకల వైపు పోబోయాయి. కూతురి వైపు చూసి, వాటిని కిందికి వదిలేసి, నవ్వాడు.