మూత తీయకముందు మస్తాన్ అడిగే ప్రశ్న

మస్తాన్ చనిపోయాడు. అల్ అమెరాత్‌లో అతను పనిచేసే అరబ్బుల ఇంటి నుంచి సోమవారం పొద్దున ఫోన్ వస్తే నేను ఆ మాటను వెంటనే ఒప్పుకోలేదు. ఎవరు చూశారు, ఎవరు నిర్ధారించారు అని అడిగాను. మూఢనమ్మకాల మీద ఇన్నేళ్లుగా రాస్తున్నవాడి అలవాటు అది. గుండె ఆగిందని ఆసుపత్రివాళ్లు కాగితం ఇచ్చారని తెలిశాక కుర్చీలో కూలబడిపోయాను. సాయంత్రానికి ఖననం అయిపోయింది. కడపలో భార్య, ఇద్దరు కూతుళ్లు ఫోన్ తెర మీదే చివరిచూపు చూసుకున్నారు.

మస్తాన్ ఆ ఇంటికి డ్రైవరుగా వచ్చాడు. అర్బాబ్ అని అందరూ పిలిచే యజమాని ఒకప్పటి సైనికుడు. ఆయన దగ్గర అనుమతి కాగితాలున్న పాత రైఫిలు ఒకటుంది. దానికి సరిపడే తూటాలు దొరకడం అరుదు. అందుకని కాల్చేసిన తూటాల ఇత్తడి గొట్టాలు ఏరి తెచ్చి, ఇంటి వెనక గదిలో మళ్లీ మందు నింపి, గుండు బిగించేవారు. అర్బాబ్‌కు చూపు తగ్గాక ఆ బల్ల దగ్గర కూర్చున్నది మస్తానే.

తుపాకిమందు ఏదైనా ఒకటే కదా అని ఒకసారి నోరు జారాను. అతను నవ్వాడు.

“ఏం సార్, జొరానికీ కడుపునొప్పికీ ఒకటే మాత్ర మింగుతారా? ఒక రకం గబుక్కున మండుతాది, ఇంకో రకం నిదానంగా మండుతాది. మా అర్బాబ్ రైఫిలుకు నిదానం మందే కావాల. గబుక్కున మండేది పోస్తే తుపాకి చీలి కాల్చినోడి మొగమే పోతాది. చూడ్డానికి రెండూ నల్ల గింజలే.”

అందుకే అతనికొక నియమం ఉండేది. బల్ల మీద ఒకే డబ్బా. మూత తీయకముందు దాని మీది పేరు, ఏ తుపాకికి ఏ మందో రాసున్న పుస్తకంతో సరిచూసి, ఫోటో తీసి, దూరంగా అల్ ఖౌద్‌లో ఉండే నాకు పంపేవాడు. కింద ఒకటే ప్రశ్న: “ఇదేనా సార్?” అతను ముందే ఇచ్చిన పేరుతో పోల్చి నేను “అదే” అనాలి. అప్పుడే మూత లేచేది. ఎందుకింత తతంగం అంటే, “ఒక్కడి కన్ను తనకు కావాల్సిందే చూస్తాది సార్. ఇంకోడి కన్ను కావాల. అది గదిలో లేనోడిదైతే ఇంకా మంచిది” అనేవాడు.

మా పరిచయం తగువుతోనే మొదలైంది. నేను తాయత్తుల మీద మాట్లాడిన సభలో దండకు తాయత్తుతో లేచి నిలబడ్డాడు. “ఇది కట్టుకున్నోళ్లంతా బుర్ర లేనోళ్లేనా సార్?” అని అడిగాడు. గంటసేపు వాదించి నేనే గెలిచాననుకున్నాను. తర్వాతెప్పుడో పని తొందరలో అతని ఫోటో చూడకుండానే “అదే” అని కొట్టాను. శుక్రవారం మా రూమ్‌కు వచ్చి ఆ ఫోటో నా ముందు పెట్టాడు. అది పాలపొడి డబ్బా.

“జనాలందర్నీ ప్రశ్నించమంటారు కదా సార్. మీరు పాలపొడికి గూడా అదే అన్యారు.”

దండకు తాయత్తు ఉన్న మనిషి నాకు హేతువాదం నేర్పాడు. ఈ మాట రాయడానికి నాకు సిగ్గు లేదు.

మూడోనాడు అర్బాబ్ రమ్మంటే వెళ్లాను. వరండాలోనే వంటమనిషి రాజయ్య నన్ను ఆపాడు. అతనిది జగిత్యాల.

“నిన్న పగటీలి ఆ గదిల టక్కు టక్కుమని చప్పుడైంది సార్. మస్తాన్ భాయ్ తూటాలు బిగించేటప్పుడు గట్లనే అయితుండె.”

“తలుపు తీసి చూశావా?”

“సచ్చినోని గది తలుపు నేనెందుకు తీస్త?”

అతనికి ఒక ఉపన్యాసం ఇచ్చి నేనే తలుపు తీశాను. లోపల మస్తాన్ పూసుకునే అత్తరు వాసన ఇంకా పోలేదు. బల్ల మీద ఒకే డబ్బా. పక్కన కొలత గాజుగొట్టంలో సగం దాకా నల్ల గింజలు. చెక్క పళ్లెంలో వరసగా ఇరవై తూటాలు, కొత్తవి.

అప్పుడు నా ఫోన్ మోగింది. తెర మీద మస్తాన్ పేరు.

రాజయ్య గడప దాటి వెనక్కి పోయాడు. వచ్చింది ఒక ఫోటో, ఇదే బల్లది. ఇదే డబ్బా ఉంది, కాని మూత మీద ముద్ర చెదరలేదు. గాజుగొట్టం ఖాళీ. పళ్లెం ఖాళీ. ఫోటో కింద అతని గొంతు:

“సార్, పాత డబ్బా అయిపోయింది. సాలిం సాబ్ ఇది తెచ్చినాడు. రంగు అదే, కంపెనీ అదే, పేరు మాత్రం తేడాగా కనపడతాండాది. ఇదేనా సార్? మీరు చెప్పేదాకా మూత తియ్యను.”

మూత తీయకుండానే పోయిన మనిషి. నా కళ్ల ముందు నిండిన గొట్టం. ఫోటోను, బల్లను మార్చి మార్చి చూశాను.

అర్బాబ్ కొడుకు సాలిం మస్తాన్ ఫోన్ పట్టుకుని వచ్చాడు. కడపకు పంపాలని ఇప్పుడే చార్జింగ్ పెట్టి ఆన్ చేశానన్నాడు. ఈ గది మందపు గోడల్లో సిగ్నల్ ఒక్కోసారి అందదు. అతను పోయిన పొద్దున పంపిన కబురు ఫోన్‌లోనే ఆగిపోయింది, ఇప్పుడు కదిలింది. అంతే. ఇందులో ఆత్మ లేదు.

“మరి ఈ గొట్టం ఎవరు నింపారు?” అన్నాను.

సాలిం తల దించుకున్నాడు. “నేనే, ఉస్తాద్. నిన్న. మస్తాన్ మొదలుపెట్టి ఆపిన పని అనుకున్నా. రేపు మా నాన్న చేత మస్తాన్ పేరున ఇవే కాల్పిద్దామని...”

పుస్తకం తెరిచి ఒకసారి నేను, ఒకసారి సాలిం చూశాం. ఆ రైఫిలు పేజీలో ఈ డబ్బా మీది పేరు లేదు. వేరే పేజీలో ఉంది, పిస్తోళ్ల కోసం, గబుక్కున మండే రకాల్లో. తలుపు దగ్గర నిలబడి వింటున్న అర్బాబ్ తన చెంపను, రైఫిలు ఆనించే చోట, మెల్లగా తడుముకున్నాడు. తూటాలన్నీ పక్కకు తీయించి, వాటిని విప్పడం తెలిసినవాళ్లను పిలిపించాడు.

“మస్తాన్ భాయే పంపిండు సార్” అన్నాడు రాజయ్య గడప అవతలి నుంచి.

“సిగ్నల్ రాక ఆగిన కబురయ్యా అది.”

“గదే అంటున్న. పంపింది మస్తాన్ భాయే గదా?”

గదిలో లేనివాడి కన్ను అర్బాబ్‌ను కాపాడింది. చచ్చినవాళ్లు చూస్తారని నేను ఇప్పటికీ నమ్మను. బతికుండగా అంత జాగ్రత్తగా చూసిన మనిషి మళ్లీ దొరకడని మాత్రం నాకు తెలుసు. ఇకమీద నన్ను అనుమానించేవాళ్లు లేరు. నాకు అదే భయం.

ఆ ఫోటోను రెండుసార్లు చూసి జవాబు రాశాను: “ఇది కాదు మస్తాన్.”

సాలిం చేతిలో అతని ఫోన్ వెలిగింది.